చప్టా వాళ్లది, మురుగు మనది: ఇళ్ల స్థలాల నిబంధనలు మరిచిన మట్టి

శ్రీకాకుళం పట్నానికీ అరసవల్లికీ మధ్య ఒకప్పుడు పొలాలుండేవి. ఇవాళ అరసవల్లి శ్రీకాకుళం నగరపాలక సంస్థలో భాగం. సూర్యనారాయణస్వామి ఆలయం చుట్టూ ఇళ్లు, లాడ్జీలు, అపార్ట్‌మెంట్లు పెరిగాయి. 2025లో రథసప్తమిని రాష్ట్ర పండుగగా ప్రకటించాక ఆ ఊరి స్థలాలకు గిరాకీ ఇంకా పెరిగింది. కొత్తగా కట్టిన ఇళ్లను వరసగా చూస్తూ వెళితే ఒక సంగతి కనపడుతుంది. గేటు నుంచి గుమ్మం దాకా టైల్స్, పక్క సందుల్లో సిమెంటు, పెరట్లో చప్టా, గేటు బయట కారు ఎక్కడానికి కాంక్రీటు ర్యాంపు. మట్టి ఉన్నదల్లా పూలకుండీల్లోనే.

ఎవరింటి ముందు వాళ్లు చప్టా చేయించుకుంటే మనకేం నష్టం, ఇది పర్యావరణవేత్తలు మాట్లాడుకునే విషయం కదా, దళిత వాడలకు దీంతో ఏం పని అని అడిగేవాళ్లుంటారు. పని ఉంది. వాన పడ్డప్పుడు చప్టా మీద నీరు నిలవదు, ఇంకదు. పల్లానికి పోతుంది. మన ఊళ్లలో పల్లం ఎక్కడుంటుందో, అక్కడ ఎవరుంటారో చెప్పనక్కర్లేదు. ఆ నీరు మోసుకెళ్లే కాలువలోకి పార పట్టుకుని దిగేది ఎవరో కూడా చెప్పనక్కర్లేదు. ఇళ్ల స్థలాల్లో గట్టి నేల ఎంత ఉండొచ్చు, మట్టి ఎంత వదలాలి అనే ప్రశ్న ఇంజనీర్లకు సంబంధించిన సాంకేతిక విషయంగా కనపడుతుంది. మేం దాన్ని కులానికీ భూమికీ సంబంధించిన ప్రశ్నగా చూస్తున్నాం.

చట్టం పైకి చూస్తుంది, కిందికి చూడదు

మన రాష్ట్రంలో ఇల్లు కట్టుకోవడానికి వర్తించేవి 2017 మార్చిలో జీవో 119 ద్వారా వచ్చిన ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనలు. అంతకు ముందు 2012 ఏప్రిల్ నాటి జీవో 168 ఉండేది. తర్వాత సవరణలు చాలా జరిగాయి గానీ చట్రం దాదాపు అదే. స్థలం ఎంత పెద్దది, ముందున్న రోడ్డు ఎంత వెడల్పు, భవనం ఎంత ఎత్తు అనే మూడింటిని బట్టి ముందూ వెనకా పక్కలా ఎంత జాగా వదలాలో పట్టికలుంటాయి. వీటినే సెట్‌బ్యాకులు అంటున్నాం.

సెట్‌బ్యాకు అంటే పైన ఆకాశం కనపడేలా వదిలిన జాగా. గాలి రావాలి, వెలుతురు రావాలి, అగ్నిప్రమాదం జరిగితే మనిషి తిరగడానికి దారి ఉండాలి అనేది దాని ఉద్దేశం. మంచి ఉద్దేశమే. అయితే ఆ జాగాలో కింద ఏముండాలన్నది నిబంధనకు పట్టదు. స్థలం చుట్టూ మీటరున్నర వదిలి, ఆ మీటరున్నరా అంచు నుంచి అంచు దాకా గ్రానైటు పరిచినా కాగితం మీద ఆ ఇల్లు చట్టబద్ధమే. మనవాళ్లు దాన్ని ఖాళీ జాగా అంటారు. నీటి లెక్కలో మాత్రం అది ఖాళీ కాదు, అదొక కప్పు. ఇంటి కప్పు పైనుంటుంది, ఈ కప్పు నేల మీదుంటుంది.

మట్టి గురించి నిబంధనలు అసలు మాట్లాడలేదని కాదు. 2012 నిబంధనల్లో 300 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలాల్లో అంచు వెంట కనీసం ఒక మీటరు వెడల్పున మొక్కలకు పట్టీ వదలాలన్నారు. 750 చదరపు మీటర్లు, ఆపైన ఉంటే సెట్‌బ్యాకులు పోను స్థలంలో 5 శాతం పచ్చదనానికో పిల్లల ఆటకో విడిచిపెట్టాలన్నారు. వాన నీటిని నేలలోకి పంపే ఇంకుడు గుంతలు తవ్వించాలని 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, మనం వాల్టా అని పిలిచేది, చెబుతూనే ఉంది.

ఇన్ని ఉన్నా గట్టి నేలకు గరిష్ఠ పరిమితి అంటూ మామూలు ఇళ్లకు ఎక్కడా లేదు. ఇంకుడు గుంత ప్లానులో గీస్తారు. మొక్కల పట్టీ కూడా గీస్తారు. ఇల్లు పూర్తయి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చేతికొచ్చాక ఆ పట్టీ మీద టైల్స్ వేస్తే మళ్లీ వచ్చి చూసే ఏర్పాటు నిబంధనల్లో లేదు. ఇంటి వయసు యాభై ఏళ్లయితే తనిఖీ వయసు ఒక్కరోజు.

ఒక సెంటు, ఏడు సెంట్లు

వాన లెక్క తేలిక. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. తుపాను రోజున వంద మిల్లీమీటర్లు పడటం మన జిల్లాకు కొత్త కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ మనకు గుర్తున్నాయి. అలాంటి రోజున 300 చదరపు మీటర్ల స్థలం మీద 30,000 లీటర్లు పడతాయి. స్థలమంతా కప్పూ చప్టానే అయితే అందులో పదింట తొమ్మిది వంతులు, అంటే 27,000 లీటర్లు దాకా వీధిలోకి వస్తాయి. ట్యాంకర్ల లెక్కన చూస్తే ఒక్క ఇంటి నుంచి ఐదు ట్యాంకర్లు, ఒక్క రోజులో.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. 2020 డిసెంబరు 25న మొదలైన పేదలందరికీ ఇళ్లు పథకంలో పట్టణ పేదలకు ఇచ్చింది ఒక సెంటు. అంటే 48 గజాలు, 40.47 చదరపు మీటర్లు. పల్లెల్లో సెంటున్నర. లబ్ధిదారుల్లో దళిత కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. అదే 100 మిల్లీమీటర్ల వానకు సెంటు స్థలం మీద పడేది దాదాపు 4,000 లీటర్లు.

300 చదరపు మీటర్లలో సెంటు ఇళ్లు ఏడు పడతాయి కదా, ఆ ఏడు ఇళ్ల నీరూ అంతే కదా అని ఎవరైనా వాదించొచ్చు. నిజమే, నీరు అంతే. అయితే ఏడు సెంట్ల యజమానికి మట్టి వదిలే వీలుంది, వదలకూడదని తనే అనుకున్నాడు. సెంటు ఇంటి మనిషికి ఆ వీలు ఎన్నడూ ఇవ్వలేదు. ఆ పథకంలో ప్రభుత్వం కట్టిన ఇల్లు 340 చదరపు అడుగులు, అంటే 31.6 చదరపు మీటర్లు. 40 మీటర్ల స్థలంలో అది పోగా మిగిలేది తొమ్మిది మీటర్లు. ఆ తొమ్మిదింట్లోనే మెట్లు, నీళ్ల డ్రమ్ము, గిన్నెలు తోముకునే చోటు, మరుగుదొడ్డి గుంత, సైకిలు, మేకపిల్ల. మట్టికి చోటెక్కడ?

ఇంకో సంగతి గమనించాలి. మొక్కల పట్టీ నిబంధన మొదలయ్యేది 300 చదరపు మీటర్ల దగ్గర, అంటే ఏడు సెంట్లు దాటాక. మన ఊళ్లలో ఏడు సెంట్లు దాటిన ఇంటి స్థలం ఉన్న దళిత కుటుంబాన్ని వెతుక్కోవాలి. అంటే మట్టి గురించి నిబంధన రాసినవాళ్లకు వాళ్లు రాస్తున్నది ఎవరి ఇళ్ల గురించో తెలుసు. పెద్ద స్థలాల మీద బాధ్యత పెట్టడం సరైనదే. కానీ ఆ బాధ్యతను అమలు చేయకుండా వదిలేస్తే పెద్ద స్థలం నీరు చిన్న స్థలం గుమ్మంలోకి వస్తుంది.

పల్లం అనేది ప్రకృతి ఇచ్చింది కాదు

నీరు పల్లమెరుగు అంటారు. పల్లంలో ఎవరుండాలో నిర్ణయించింది మాత్రం నీరు కాదు. ఊరికి మెరక, వాడకు పల్లం అన్నది కోస్తా ఊళ్లలో తరతరాలుగా సాగిన ఏర్పాటు. చెరువు గట్టు కింద, గెడ్డ ఒడ్డున, శ్మశానం పక్కన, ఊరి మురుగు బయటికి పోయే దిక్కున వాడలు వెలిశాయి. తర్వాత ప్రభుత్వాలు ఇచ్చిన స్థలాలు కూడా చాలాచోట్ల తక్కువ ధరకు దొరికిన పల్లపు భూముల్లోనే వచ్చాయి. మెరక చేయించడానికి విడిగా డబ్బు ఖర్చు పెట్టాల్సి వచ్చిందంటేనే అది ఎలాంటి భూమో అర్థమవుతుంది.

దీనికి తోడు రోడ్ల కథ. 2013లో వచ్చిన ఎస్సీ ఉపప్రణాళిక చట్టం కింద వాడలకు అందిన వాటిలో కంటికి ఎక్కువగా కనపడేవి సీసీ రోడ్లు. బురదలో నడిచిన మనుషులకు ఆ రోడ్లు అవసరమే, వాటిని తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు. అయితే పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్త కాంక్రీటు పోస్తూ పోవడం వల్ల చాలా వాడల్లో రోడ్డు ఇళ్ల అరుగుల కంటే ఎత్తుకు వచ్చింది. కాలువ లేకుండా రోడ్డు మాత్రం వేస్తే వాన నీటికి ఆ రోడ్డే కాలువ అవుతుంది. రోడ్డు ఎత్తైతే ఇల్లే గుంత అవుతుంది. ఎస్సీ నిధులతో వేసిన రోడ్డు ఎస్సీ ఇంట్లోకి నీరు పంపడం కంటే విచిత్రం ఏముంటుంది?

మెరకనున్న వీధుల్లో ప్రతి ఇల్లూ చప్టా అవుతున్నకొద్దీ పల్లానికి వచ్చే నీరు పరిమాణంలో పెరగడమే కాదు, వేగంగా కూడా వస్తుంది. మట్టి ఉన్నప్పుడు గంటలో వచ్చేది ఇప్పుడు పావుగంటలో వస్తుంది. పావుగంటలో ఇంట్లో బియ్యం డబ్బా, పిల్లల పుస్తకాలు, రేషన్ కార్డు మంచం మీదికి ఎక్కించాలి.

కాలువలోకి దిగేది

ఇళ్ల నుంచి వచ్చే వాన నీరు మన పట్టణాల్లో శుభ్రమైన కాలువలోకి పోదు. వాన నీటికీ మురుగుకూ వేరువేరు దారులు లేవు. రెండూ కలిసి వీధి పక్క కాలువలోనే పడతాయి. కొన్ని ఇళ్ల మరుగుదొడ్ల నీరు కూడా అందులోకే చేరుతుంది. వాన పెరిగితే కాలువ పొంగుతుంది. పొంగితే ఫోను కొడతారు. ఫోను కొడితే పారిశుద్ధ్య కార్మికుడు వస్తాడు.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పట్టణాల్లో తరతరాలుగా ఆ పని చేస్తున్నవారిలో రెల్లి కులస్థులు ముందుంటారు. 2025లో ఎస్సీ వర్గీకరణ చేసినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం రెల్లి, దాని ఉపకులాలను అత్యంత వెనుకబడినవారిగా గుర్తించి ఒక శాతం కోటాతో మొదటి గ్రూపులో పెట్టింది. వెనుకబాటు ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడానికి దూరం వెళ్లనక్కర్లేదు, కాలువ దాకా వెళితే చాలు. 2013 నాటి మానవ పాకీ పని నిషేధ చట్టం మరుగుదొడ్ల మలం వచ్చి చేరే బహిరంగ కాలువలను చేత్తో శుభ్రం చేయించడాన్ని కూడా పాకీ పని కిందికే తెచ్చింది. కాగితం మీద ఆ పని నేరం. వాన మర్నాడు వీధిలో అది మామూలు డ్యూటీ.

చప్టాకూ ఈ పనికీ ఉన్న లంకె మామూలుగా ఎవరూ చూడరు. ఇంటి ముందు మట్టి ఉంటే ఆ ఇంటి వాననీరు చాలా మటుకు ఆ ఇంట్లోనే ఇంకుతుంది. చప్టా వేస్తే ఆ నీటి బాధ్యత యజమాని చేతిలోంచి నగరపాలక సంస్థకు, సంస్థ చేతిలోంచి కాంట్రాక్టు కార్మికుడి భుజానికి దిగుతుంది. తన ఇంటి ముందు బురద ఉండకూడదని ఒకాయన కోరుకోవడంలో తప్పు లేదు. ఆ బురద మాయం కాలేదు, వేరే మనిషి మోకాళ్ల దాకా చేరిందన్నదే మేం చెప్పేది. శుచి ఒకరిది, దాన్ని నిలబెట్టే చాకిరీ ఇంకొకరిది అనే పాత ఏర్పాటుకు సిమెంటు కొత్త రూపం ఇచ్చింది.

మట్టి వదలండి అని ఎవరికి చెప్పాలి?

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. పర్యావరణం పేరుతో వచ్చే నిబంధనల బరువు చివరికి పేదల మీదే పడటం మనం చూస్తూనే ఉన్నాం. గెడ్డలు, చెరువులు కాపాడాలంటే ముందు కూలేది ఒడ్డు మీద గుడిసె. గట్టి నేలకు పరిమితి పెట్టండి అని మనం అడిగితే అది రేపు సెంటు ఇంటి గుమ్మం ముందు గచ్చును పగలగొట్టమనే నోటీసుగా రాకూడదు.

ఎందుకంటే గచ్చు మన వాడల్లో సౌకర్యం మాత్రమే కాదు, గౌరవం కూడా. మట్టి వాకిలిని రోజూ ఊడ్చి, అలికి, వానాకాలమంతా బురదతో పోరాడింది ఆడవాళ్లు. పాము వస్తుందేమోనని రాత్రిళ్లు దీపం పెట్టుకుని బయటికి వెళ్లింది వాళ్లు. కూలి డబ్బులు కూడబెట్టి ఇంటి ముందు నాలుగు బస్తాల సిమెంటు పోయించుకున్న అమ్మను పట్టుకుని నువ్వు భూగర్భ జలాన్ని ఆపేస్తున్నావు అనడం అన్యాయం. మట్టి ఇల్లు, మట్టి వాకిలి ఎంత చల్లగా ఉంటాయో రాసేవాళ్లు మట్టిలో ఉండక తప్పని మనుషులు కారు.

మట్టి మీద హక్కు కోసం ఈ ప్రాంతం ఏం చెల్లించిందో మరవకూడదు. 2012 జూన్ 12న, అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితులను చంపారు. మడ్డువలస రిజర్వాయరు కోసం సేకరించాక ముంపు కాకుండా మిగిలిన భూమిని వాళ్లు సాగు చేసుకోవడం గొడవకు మూలం. నీళ్లు ముంచకుండా వదిలిన నేలను కూడా మనుషులు వదలనివ్వలేదు. అలాంటి చోట నిలబడి వాన నీరు ఇంకడానికి మట్టి వదలండి అని దళితులకు చెప్పాలంటే ముందు వదలడానికి వాళ్ల దగ్గర ఉన్నదెంతో చూడాలి.

ఆస్టిన్ నేర్పే పాఠం

గట్టి నేలకు పరిమితి పెట్టడం లోకంలో కొత్త కాదు. 2007 వరదల తర్వాత ఇంగ్లండులో 2008 అక్టోబరు నుంచి ఇంటి ముందు తోటలో ఐదు చదరపు మీటర్లకు మించి నీరు ఇంకని నేల వేయాలంటే అనుమతి తీసుకోవాలని నిబంధన తెచ్చారు. నీరు ఇంకే రాళ్లు వేసుకున్నా, నీటిని తమ తోటలోకే మళ్లించుకున్నా అనుమతి అక్కర్లేదు. బెర్లిన్‌లో 2000 నుంచి మురుగు చార్జీని రెండుగా విడగొట్టారు. వాడిన నీటికి ఒకటి, స్థలంలో నీరు ఇంకకుండా కప్పేసిన ప్రతి చదరపు మీటరుకూ వేరే ఒకటి. ఎక్కువ కప్పినవాళ్లు ఎక్కువ కడతారు. మన దేశంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఢిల్లీ చెట్ల మొదళ్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తొలగించమంది. చెట్టు వేరుకు మట్టి కావాలని చట్టం ఒప్పుకుంది.

మన తెలుగువాళ్లు చాలామంది స్థిరపడ్డ అమెరికా నగరాల్లో ఒకటి టెక్సాస్‌లోని ఆస్టిన్. అక్కడ మామూలు కుటుంబ ఇళ్ల స్థలంలో కప్పు, కారు దారి, చప్టా అన్నీ కలిపి 45 శాతం దాటకూడదు. ఇక్కడ మొత్తం స్థలానికీ గ్రానైటు పరిచే మనవాళ్లే అక్కడికెళితే ఆ లెక్క మారుమాట్లాడకుండా పాటిస్తారు. నిబంధన పాటించడం మన స్వభావంలో లేదనే మాట అబద్ధమని అక్కడ తేలిపోతుంది.

కానీ ఆస్టిన్ కథలో రెండో సగం ఉంది, మనకు పనికొచ్చేది అదే. 1928 నగర ప్రణాళిక నల్లవాళ్లను తూర్పు ఆస్టిన్‌కు నెట్టింది. 1992లో బార్టన్ నీటి ఊటలను కాపాడటానికి ప్రజాభిప్రాయ సేకరణతో ఒక చట్టం తెచ్చి, నగరానికి పడమర, నైరుతి దిక్కుల్లో కొత్త నిర్మాణాలకు గట్టి నేలను 15 నుంచి 25 శాతానికి కట్టడి చేశారు. ఊటలు కాపాడాల్సినవే. అయితే అక్కడ ఆపిన నిర్మాణం ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. తర్వాతి ప్రణాళికలు దాన్ని తూర్పు వైపు, నల్లవాళ్లు, మెక్సికన్ మూలాలవాళ్లు ఉండే పేటల వైపు మళ్లించాయి. పడమటికి పచ్చదనం మిగిలింది. తూర్పున అద్దెలూ పన్నులూ పెరిగి పాత కాపురాలు లేచిపోయాయి. మట్టిని కాపాడే చట్టం న్యాయంగా ఉండాలంటే ఆ ఊరి వెలి చరిత్రను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఆస్టిన్ 45 శాతాన్ని తెచ్చి మన సెంటు స్థలానికి పెడితే ఏమవుతుందో చూడండి. 40.47లో 45 శాతం 18.2 చదరపు మీటర్లు, అంటే 196 చదరపు అడుగులు. ప్రభుత్వం స్వయంగా కట్టించిన 340 అడుగుల ఇల్లే అక్రమ కట్టడం అవుతుంది. అందరికీ ఒకే శాతం అనే నిబంధన సమానంగా కనపడుతుంది గానీ భూమి సమానంగా లేని చోట అది శిక్ష.

సెంటు స్థలం చాలదని 2021 అక్టోబరులో హైకోర్టు సింగిల్ జడ్జి అన్నారు. ఆ తీర్పు డివిజన్ బెంచ్ ముందు నిలవలేదు. ఇప్పటి ప్రభుత్వం పట్టణాల్లో రెండు సెంట్లు, పల్లెల్లో మూడు సెంట్లు ఇస్తామంటోంది. అదే 340 అడుగుల ఇంటిని రెండు సెంట్లలో కడితే 49 చదరపు మీటర్లు మిగులుతుంది. ఒక మునగ చెట్టు, నాలుగు కాకర పాదులు, ఒక ఇంకుడు గుంత, పిల్లలు ఆడుకునే జాగా అందులో పడతాయి. కాబట్టి వాడలో మట్టి కావాలంటే వాడకు భూమి పెరగాలి.

అడగడానికి సభ లేదు

ఈ విషయాలు తేల్చాల్సింది స్థానిక సంస్థ. ప్లాను మంజూరు, కాలువలు, తనిఖీ అన్నీ దాని పనే. శ్రీకాకుళం 2015 డిసెంబరులో నగరపాలక సంస్థ అయింది. 2021 మార్చిలో రాష్ట్రంలో 12 నగరపాలక సంస్థలకు ఎన్నికలు జరిగినప్పుడు పక్కనున్న విజయనగరం ఆ జాబితాలో ఉంది, శ్రీకాకుళం లేదు. ఏళ్ల తరబడి ప్రత్యేకాధికారుల పాలనే. రాజ్యాంగం 243టీ అధికరణ పట్టణ సంస్థల్లో ఎస్సీలకు, వాళ్లలో మహిళలకు సీట్లు కేటాయించింది. సభే లేనప్పుడు ఆ సీట్లూ లేవు. వీధిలో మోకాలి లోతు నీరు నిలిచిందని నిలదీయడానికి వార్డులో ఒక దళిత కార్పొరేటరు ఉండాల్సిన చోట ఫిర్యాదు నంబరు ఉంది.

ఇంకోవైపు, సెట్‌బ్యాకులు మింగి కట్టినవాళ్లకు దారి ఎప్పుడూ తెరిచే ఉంది. 2015లో, మళ్లీ 2019లో బీపీఎస్ పేరుతో రుసుము తీసుకుని ఉల్లంఘనలను క్రమబద్ధం చేశారు. డబ్బున్న ఉల్లంఘనకు రసీదు దొరుకుతుంది, డబ్బు లేని ఆక్రమణకు జేసీబీ వస్తుంది. రుసుము ఖజానాకు చేరింది గానీ ఆ ఇంటి నీరు ఎవరి ఇంట్లోకి పోతోందో ఆ ఇంటికి ఒక్క రూపాయి చేరలేదు.

ఏం అడగాలి

మేం చెప్పేవి ఖజానా ఖాళీ చేసే కోరికలు కావు.

మొదటిది, నిబంధనల్లో సెట్‌బ్యాకుకు పక్కనే ఇంకో గడి చేర్చాలి: మట్టిగా ఉంచాల్సిన భాగం. వంద చదరపు మీటర్లలోపు స్థలాలకు దీన్నుంచి పూర్తి మినహాయింపు ఉండాలి. ఆపైన స్థలం పెరిగేకొద్దీ శాతం పెరగాలి. కారు నిలిపే చోట నీరు ఇంకే రాళ్లు పరిస్తే దాన్నీ లెక్కలోకి తీసుకోవచ్చు. ఇప్పటికే కట్టేసిన పెద్ద ఇళ్లు, లాడ్జీలు, కల్యాణ మండపాలు మట్టి వదలలేకపోతే కప్పిన ప్రతి మీటరుకూ ఏటా చార్జీ కట్టాలి. దేవాలయాల, ప్రభుత్వ కార్యాలయాల పార్కింగ్ స్థలాలకు కూడా ఇది వర్తించాలి.

రెండోది, ఆ చార్జీ నగర ఖజానాలో కలిసిపోకుండా పల్లపు వాడల వాననీటి కాలువలకూ, ఆ కాలువల్లో మనిషి దిగాల్సిన అవసరం లేకుండా చేసే యంత్రాలకూ, రక్షణ పరికరాలకూ వెళ్లాలి. నీరు పంపినవాళ్లే నీరు మోసేవాళ్లకు చెల్లించాలి. ఇందులో దయ ఏమీ లేదు, బాకీ తీర్చడమే.

మూడోది, ఎస్సీ ఉపప్రణాళిక నిధులతో వాడల్లో రోడ్డు వేసేటప్పుడు అంచనాలోనే ఇళ్ల అరుగుల మట్టం రాయాలి. పాత రోడ్డు తవ్వకుండా కొత్తది వేయకూడదు. రెండు పక్కలా కాలువ లేని రోడ్డుకు బిల్లు చెల్లించకూడదు. వాడలో ఉన్న ఉమ్మడి జాగాల్లో, బడి ఆవరణల్లో, సామాజిక భవనాల చుట్టూ ఇంకుడు గుంతలు ప్రభుత్వమే తవ్వించాలి, ఆ కూలి పని వాడవాళ్లకే ఇవ్వాలి.

నాలుగోది, కొత్తగా ఇచ్చే ఇళ్ల స్థలాలు ఒప్పుకున్న రెండు, మూడు సెంట్ల కంటే తగ్గకూడదు. లేఅవుటు వేసే ముందు ఆ భూమి గత తుపాన్లలో ఎంత మునిగిందో గ్రామసభలోనో వార్డు సభలోనో చెప్పాలి. పల్లాన్ని మెరక చేయించే ఖర్చుతో మెరక భూమే కొనొచ్చు.

ఐదోది, శ్రీకాకుళానికి ఎన్నికైన పాలకవర్గం కావాలి. పైవన్నీ తీర్మానాలు కావాలంటే ముందు తీర్మానం చేసే సభ ఉండాలి.

వాడల్లోని యువతకు ఒక్క మాట. మీ వీధి చివర కాలువలోకి పై నుంచి ఏయే వీధుల నీరు వస్తోందో ఒక కాగితం మీద గీయండి. ఆ వీధుల్లో ఏడు సెంట్లు దాటిన ఇళ్లెన్ని, వాటిలో మొక్కల పట్టీ ఉన్నవెన్ని, ఇంకుడు గుంత నిజంగా ఉన్నవెన్ని లెక్కపెట్టండి. మంజూరైన ప్లాన్లలో ఏముందో సమాచార హక్కు చట్టం కింద అడగండి. ప్లానులో గీసిన మట్టికీ నేల మీద మిగిలిన మట్టికీ ఉన్న తేడా ఎంతో చేతిలో పట్టుకుని వెళ్లినప్పుడే, వాడ మునగడం దేవుడి పని అనే జవాబు చెల్లదు.